టీడీఎస్ మీటరు కొనండి, అనంతపురం నీళ్లకు తీర్పు మాత్రం దాంతో చెప్పకండి

పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు వగైరా మొత్తం) మీటర్లు ఐదు వందల లోపే దొరుకుతున్నాయి. లోపల రెండు బటన్ సెల్స్, కింద రెండు చిన్న లోహపు పిన్నులు, పైన డిస్‌ప్లే, పక్కన హోల్డ్ బటను. ఆ డబ్బుకు వస్తువు బాగానే ఉంది. చిక్కంతా దాన్ని వాడే తీరులో ఉంది. మీటరు 60 చూపిస్తే అమృతం, 600 చూపిస్తే విషం అనుకోవడం మన జిల్లాలో అలవాటైపోయింది. క్యాన్ నీళ్ల ప్లాంటువాళ్లూ ఆ అంకె చూపించే అమ్ముతున్నారు. కానీ మన దగ్గర అసలు చూడాల్సిన ఫ్లోరైడు ఆ అంకెలో తెలియదు.

ఈ మీటరు నిజానికి కొలిచేది నీటి వాహకతను. పిన్నుల మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి పీపీఎం (లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు) అని చూపిస్తుంది. గ్లాసు ఆర్‌ఓ నీళ్లలో చెంచాడు చక్కెర కలిపి చూడండి, అంకె దాదాపు కదలదు. చిటికెడు ఉప్పు వేస్తే వెయ్యి దాటుతుంది. గుణకం కూడా అన్ని మీటర్లలో ఒకటి కాదు. 1413 మైక్రోసీమెన్స్ (వాహకత కొలమానం) ద్రావణంలో ముంచితే 0.5 గుణకం ఉన్నది 706 దగ్గర నిలుస్తుంది, 0.7 ఉన్నది 990 దగ్గర. ఒకే బోరు నీళ్లకు రెండిళ్లలో రెండు అంకెలు వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. డబ్బా మీద గుణకం రాసి లేకపోతే ఆ మీటరు తీసుకోవద్దు.

పెట్టెలోంచి తీయగానే నమ్మకుండా ఒకసారి క్యాలిబ్రేట్ చేసుకోవాలి, అంటే తెలిసిన ద్రావణంతో సరిచూసుకోవాలి. 0.01 గ్రాము వరకు తూగే చిన్న కాటా, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు ఉంటే ఇంట్లోనే అయిపోతుంది. ఉప్పును పొడి బాణలిలో కాసేపు వేయించి తేమ పోగొట్టండి. ఒక గ్రాము తూచి డిస్టిల్డ్ నీళ్లలో కరిగించి, మొత్తం సరిగ్గా లీటరు అయ్యేదాకా నీళ్లు పోస్తే 1000 పీపీఎం. అందులోంచి 342 మిల్లీలీటర్లు తీసి మళ్లీ లీటరు చేస్తే 342 పీపీఎం. 0.5 గుణకం మీటర్లకు వాడే ప్రామాణిక ద్రావణం ఇదే. వెనక చిన్న స్క్రూ ఉండే మోడలైతే సన్నటి స్క్రూడ్రైవరుతో 342 దగ్గరికి తెచ్చుకోండి. డిస్టిల్డ్ నీళ్లే ముందు ఎంత చూపిస్తున్నాయో చూడడం మరిచిపోవద్దు. 10 దాటితే ఆ సీసా పనికిరాదు.

తప్పు అంకెలు రావడానికి ఎక్కువగా మూడు కారణాలు. పిన్నుల మధ్య గాలి బుడగ ఉంటే తక్కువ చూపిస్తుంది, ముంచాక గ్లాసు అంచుకు ఒకసారి తట్టండి. పిన్నుల మీద తెల్లటి సున్నం పట్టినా తేడా వస్తుంది, నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచి డిస్టిల్డ్ నీళ్లతో కడగాలి. మూడోది వేడి. నీటి వాహకత డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది, మీటర్ల లెక్కేమో 25 డిగ్రీల నీటికి. ఏప్రిల్‌లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు 35 డిగ్రీలుంటే, ఉష్ణోగ్రతను సరిచేసుకోని మీటరు 20 శాతం ఎక్కువ చెబుతుంది. సరిచేసుకునే మీటరుకైనా ఒక నిమిషం టైమివ్వాలి.

ఆర్డునో, ఈఎస్‌పీ32 లాంటి చిన్న కంట్రోలరు బోర్డులతో సొంతంగా పరికరాలు కట్టుకునేవాళ్లు కొంటున్న అనలాగ్ టీడీఎస్ బోర్డు గురించి కూడా చెప్పాలి. 3.3 నుంచి 5.5 వోల్టుల మీద పనిచేస్తుంది, 0 నుంచి 2.3 వోల్టులు ఇస్తుంది, 1000 పీపీఎం వరకే కొలుస్తుంది. మన బోర్లలో కొన్ని ఆ గీత దాటుతాయి. అప్పుడు డిస్టిల్డ్ నీళ్లు సగానికి సగం కలిపి కొలిచి రెట్టింపు చేసుకోవాలి. ప్రోబుకు ఏసీ తరంగం ఇస్తుంది కాబట్టి ఎలక్ట్రోడ్లు త్వరగా పాడవవు, ఇది మంచి డిజైను. ఈఎస్‌పీ32లో ఏడీసీ1 (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) పిన్నుకే కలపండి, 32 నుంచి 39 లోపుది. వైఫై నడుస్తుంటే ఏడీసీ2 పనిచేయదు. పక్కన ఒక డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరు, దానికి 4.7 కిలోఓమ్ పుల్లప్ రెసిస్టరు పెడితే ఉష్ణోగ్రత లెక్క కోడ్‌లోనే సరిపోతుంది. ఆర్‌ఓకు ముందొకటి, తర్వాత ఒకటి పెట్టేవాళ్లు రెండు బోర్డులకూ ఒకేసారి కరెంటివ్వొద్దు. ఒకదాని సిగ్నలు రెండోదానిలోకి దూరుతుంది. బోర్డు తీసుకునేది 3 నుంచి 6 మిల్లీ ఆంపియర్లే కాబట్టి కంట్రోలరులో కోడ్‌తో ఆన్, ఆఫ్ చేయగల జీపీఐఓ పిన్ను నుంచే ఒకదాని తర్వాత ఒకటి వెలిగించుకోవచ్చు.

ఇక అసలు విషయం, ఫ్లోరైడు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. టీడీఎస్‌కు ఆ అంకెలు 500, 2000. బోరు నీళ్లు 900 చూపిస్తున్నాయనుకోండి. మీటరు కచ్చితత్వమే ±2 శాతం, అంటే 18 పీపీఎం అటూ ఇటూ. అందులో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందో లేదో ఈ పరికరానికి తెలిసే మార్గమే లేదు. 400 చూపించే తియ్యటి బోరులో ఫ్లోరైడు ఎక్కువుండొచ్చు, 1200 చూపించే చవుడు నీళ్లలో తక్కువుండొచ్చు. ఫ్లోరైడు వల్ల పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, పెద్దవాళ్ల కీళ్లు బిగుసుకుపోవడం ఎరిగిన ఊళ్లలో ఈ తేడా తెలియకపోవడం మంచిది కాదు. కాచి తాగితే పోతుందనే మాట కూడా తప్పు. నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది.

మీటరు నిజంగా అక్కరకొచ్చేది ఆర్‌ఓ మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) ఆరోగ్యం చూడడానికి. లోపలికి 900, బయటికి 40 అంటే 95 శాతం పైగా ఆపుతోంది, ఫ్లోరైడును కూడా చాలావరకు ఆపుతుంది. రుచి కోసం మెకానిక్ టీడీఎస్ కంట్రోలరు తిప్పి 250కి పెంచితే మాత్రం జాగ్రత్త. అది ఖనిజాలేవో కొత్తగా చేర్చదు, మెంబ్రేన్ దాటని బోరు నీళ్లనే కలుపుతుంది. 40 నుంచి 250కి రావాలంటే దాదాపు పావు వంతు బోరు నీళ్లే కలవాలి. ఆ బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటే తాగే నీళ్లలోకి లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము తిరిగొచ్చినట్టే. ఫ్లోరైడు ఉన్న ఊళ్లో ఆ స్క్రూ పూర్తిగా మూసేయించండి.

వంటింటి సంగతి. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకకపోతే కారణం కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం. టీడీఎస్ దాన్నీ విడిగా చెప్పదు. అదే నీటిని కాచి చల్లార్చి, పైన తేరిన నీళ్లు కొలిస్తే అంకె తగ్గి గిన్నె అడుగున తెల్లటి పొర కనిపిస్తే, కొంత కాఠిన్యం కాచితే పోయే రకమని తెలుస్తుంది. బీపీ ఉన్నవాళ్లు ఈ పెన్నుతో చారులో ఉప్పు కొలవొచ్చా అని అడుగుతున్నారు. వద్దు. చింతపండు పులుపు కూడా కరెంటును పారిస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పినదాన్ని పాటించాలంటే, వేసే ఉప్పునే కాటా మీద తూచండి.

ఫ్లోరైడుకు వేరే పరీక్షే చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) నీటి పరీక్ష ల్యాబులో ఇవ్వొచ్చు. బోరును పది నిమిషాలు పారనిచ్చి, ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. గాజు సీసా వద్దు. ఆర్‌ఓ ఉంటే రెండో సీసాలో ఆ నీళ్లూ పట్టి, దేనికది పేరు రాసి రెండూ ఇవ్వండి.