మాగుంట లేఅవుట్ ఆయిల్ పెయింటింగ్ క్లాసు: తొందర ఉంటే పోబాకండి

నెల్లూరులో డ్రాయింగ్ క్లాసంటే ఎక్కువగా పిల్లకాయలకి కొండలూ సూర్యుడూ కొబ్బరిచెట్టూ నేర్పేదే, లేకపోతే ఒక పూటలో అక్రిలిక్‌తో ఏదోకటి వేయించి ఇన్‌స్టాలో పెట్టేసేది. మాగుంట లేఅవుట్‌లో మేడ మీద జరిగే ఈ స్టిల్ లైఫ్ (బల్ల మీద సామాను పెట్టి చూసి వేసే బొమ్మ) క్లాసు ఆ టైపు కాదు, నెల గడిచినా పూర్తయిన బొమ్మ చేతికి రాకపోవచ్చు, అది తెలుసుకునే చేరండి. నాకైతే బలే నచ్చింది. కంప్లెయింట్లు కూడా ఉండాయి, చెప్తా.

బల్ల మీద పెట్టే సామానంతా మన ఇళ్లల్లోదే. ఇత్తడి చెంబు, మసి పట్టిన చేపల పులుసు చట్టి (కడగనివ్వరు), ఉదయగిరి చెక్క గరిటె, గూడూరు నిమ్మకాయలు, కింద పాత వెంకటగిరి చీర ముక్క. ప్లాస్టిక్ పళ్లు లేవు, దానికే సగం మార్కులు వేసేశా. మరి నిమ్మకాయలు ఎండిపోతాయి కదా సార్ అంటే "అందుకే ముందు కాయలు వెయ్యి అబ్బయ్యా, చెంబు యాడికీ పోదు" అన్నారు.

పద్ధతి మాత్రం పాతదే. జెస్సో (రంగు పట్టేందుకు ముందుగా వేసే తెల్ల పూత) పూసిన కాన్వాస్ మీద ముందు అంబర్ అనే గోధుమ మట్టి రంగుని టర్పెంటైన్‌తో పల్చగా చేసి మొత్తం పూస్తారు, వెలుగు పడే చోట గుడ్డతో తుడిచేస్తారు, అంతే, గోధుమ రంగులో చెంబు లేచి నిలబడుతుంది. అంబర్ త్వరగా ఆరుతుంది కాబట్టి కింది పొరకి అదే మంచిదంట. ఆ తర్వాత పై పొరలకి పోయేకొద్దీ అవిసె నూనె పెంచుకుంటా పోవాలి, తిరగేస్తే పైది ముందు ఆరిపోయి కిందిది ఇంకా కదుల్తా ఉండి పగుళ్లు వస్తాయి. ఈ నూనె నీళ్లలాగా ఆవిరైపోదు, గాల్లో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకే ఆఖరి వార్నిష్‌కి ఆర్నెల్లు ఆగమంటారు. ఇంకోటి, నూనె గుడ్డల్ని కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చని సారు వాటిని నీళ్ల బకెట్లో వేయిస్తారు. ఈ జాగ్రత్త చూసి నాకు నమ్మకం కుదిరింది.

ఇక ఇత్తడి. బంగారు రంగు ట్యూబు ఎవరూ ముట్టుకోకూడదు. ఎల్లో ఓకర్‌లో (మట్టి పసుపు రంగు) కొంచెం నలుపు కలిపితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది, చెంబు నీడ వైపు నిజంగానే ఆ రంగే ఉంటుంది, చూస్తే గానీ నమ్మరు. పక్కనున్న నిమ్మకాయ పసుపు చెంబు పొట్ట మీద సాగిపోయి కనపడుతుంది, కిటికీ చిన్న వంకర గీతలాగా పడుతుంది, ఆ గీతే మెరుపు, దాంట్లో తెలుపు ఒక్క చుక్కే. నేను గుండ్రంగా ఏదో గీస్తుంటే "నీ మనసులో చెంబు గీయబాక, ఎదురుగా ఉండేది గీయి" అని బ్రష్ లాక్కున్నంత పని చేశారు!

గోడ మీద షార్డాన్ బొమ్మ ప్రింటు ఒకటుంది, పారిస్ ఆయన, 1699లో పుట్టి 1779లో పోయారు. గ్లాసు నీళ్లు, కాఫీ కుండ, పక్కన వెల్లుల్లి గడ్డలు, ఇంతే సరుకు. రాజులూ దేవుళ్లూ గీసేవాళ్లకే పెద్దపీట వేసిన కాలంలో ఈయన వంటింటి గిన్నెలు గీసి కూడా అక్కడి రాజుగారి చిత్రకళా అకాడెమీలో చేరాడంట, నాకు ఆ ముక్క బాగా పట్టేసింది.

ఇప్పుడు కంప్లెయింట్లు. సాయంత్రం బ్యాచ్‌కి ట్యూబ్‌లైట్ వేస్తారు, కిటికీ వెలుతురొకటి ట్యూబ్‌లైటొకటి కలిసి ఒక్కో వస్తువుకి రెండేసి నీడలు, ఇంత పద్ధతిగా నేర్పే చోట ఇదేందో అర్థం కాదు. టర్పెంటైన్ వాసనకి ఒక ఫ్యానే దిక్కు, ఆస్తమా ఉండేవాళ్లు వద్దు. రంగులు అక్కడే కొనమని ఒత్తిడి చెయ్యరు గానీ అక్కడ కొంటే రేటు ఎక్కువే, తెల్ల రంగు పెద్ద ట్యూబు బయటే తెచ్చుకోండి, అన్నిటికంటే ముందు అయిపోయేది అదే.

పిల్లకాయల్ని పంపాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోండి, ఇది పెద్దోళ్లకే ఓపిక పరీక్ష. చేరితే ఆదివారం పొద్దున బ్యాచ్‌లో చేరి ఉత్తరం కిటికీ పక్కన స్టాండు పట్టుకోండి, ఎండ నేరుగా పడేది తక్కువ, నీడలు పెద్దగా జరగవు. కారు పెట్టుకునే చోటు లేదు, బండి మీద పోండి.