కన్నప్ప పల్లకి కోసం మైలాపూరులో మూడు రోజులు

మా అమ్మది శ్రీకాళహస్తి పక్కన పల్లె. చిన్నప్పుడు మాకు అన్నం తినిపించాలంటే తిన్నడి కథే చెప్పేది. శివుడి కంట్లో నెత్తురు కారుతుంటే తన కన్ను పెరికి పెట్టి, రెండో కన్ను తీసే ముందు చోటు గుర్తుకోసం కాలి బొటనవేలు ఆనించిన ఆ బోయవాడంటే ఆమెకు ఇంట్లో మనిషి లెక్క. ఈ మధ్య మా పిన్ని ఫోన్‌లో మాట్లాడుతూ, చెన్నైలోని మైలాపూరు పంగుణి ఉత్సవంలో అరవైముగ్గురు శివభక్తుల్నీ, అంటే నాయనార్లనీ, పల్లకీల్లో ఊరేగిస్తారని చెప్పింది. "అయితే మన కన్నప్ప కూడా ఉంటాడా?" అని అడిగింది అమ్మ. ఉంటాడనగానే ఇక నిలవలేదు. నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు రైల్లో మూడు గంటల దారి. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఆ జనంలోకి తీసుకెళ్ళడం గురించి నాకు టెన్షన్‌గానే ఉన్నా బయల్దేరాం.

మైలాపూరు శివుడు కపాలీశ్వరుడు. ఆయన పంగుణి (తమిళ నెల) పెద్ద ఉత్సవం పది రోజులు. మార్చి–ఏప్రిల్ నెలల్లో వస్తుంది. మూడో రోజు పొద్దున అధికార నంది, ఐదో రోజు రాత్రి వృషభ వాహనం, ఏడో రోజు రథం, ఎనిమిదో రోజు అరువత్తుమూవర్ (అరవైముగ్గురి ఊరేగింపు), తొమ్మిదో రోజు భిక్షాటనం, పదో రోజు కల్యాణం. చాలామంది మనవాళ్ళు ఎనిమిదో రోజు ఒక్కటే విని అదే రోజు దిగి, జనంలో నలిగి, స్వామి కిరీటం కొస మాత్రం చూసి వెళ్ళిపోతారు. అందుకే మేం ఆరో రోజు సాయంత్రానికే చేరుకున్నాం.

బస సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మాకు దెబ్బ తగిలింది అక్కడే. మాడవీధుల దగ్గర ఒక లాడ్జిలో గది బుక్ చేశాను. పేరు చెప్పను. 'గుడికి రెండు నిమిషాల నడక, లిఫ్ట్ ఉంది' అన్నారు. నడక మాట నిజమే. కానీ ఉత్సవం రోజుల్లో మాడవీధుల్లోకి బండ్లు రానివ్వరు. ఆటో లజ్ కూడలి దగ్గరే దింపేసింది. సంచులు పట్టుకుని నడిచి వెళ్తే లిఫ్ట్ పనిచేయడం లేదు, గది మూడో అంతస్తులో. అమ్మ ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి ఎక్కింది. కింది అంతస్తులో గది అడిగితే ఖాళీ లేదన్నారు. గదికి రోజుకు 2,800 కట్టాను, వేడినీళ్ళు మాత్రం బకెట్‌కు చెప్పి తెప్పించుకోవాల్సి వచ్చింది. మరుసటి రోజే ఖాళీ చేసి వేళచ్చేరిలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోయాం. ఈ పని ముందే చేసి ఉండాల్సింది.

వేళచ్చేరి నుంచి మైలాపూరులోని తిరుమయిలై స్టేషన్‌కు లోకల్ రైల్లో అరగంట లోపే. ట్రాఫిక్ గొడవ లేదు, దిగితే గుడి నడక దూరం. సెంట్రల్‌లో దిగినవాళ్ళు కూడా ఎదురుగా ఉన్న పార్క్ టౌన్ స్టేషన్‌కు నడిచి ఇదే రైలు ఎక్కొచ్చు. తిరుమయిలైలో ప్లాట్‌ఫాం ఎత్తున ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళుంటే మెట్ల సంగతి లెక్కలో పెట్టుకోవాలి. మనవాళ్ళు అలవాటుగా టి.నగర్‌లో దిగుతారు. తిరుమల దేవస్థానం వాళ్ళ గుడి వెంకటనారాయణ రోడ్డులో ఉంది, షాపింగ్ కూడా అక్కడే కదా అని. మామూలు రోజుల్లో అది బాగానే ఉంటుంది. ఉత్సవానికైతే అక్కడి నుంచి నేరుగా రైలు లేదు, ఆటోవాళ్ళు మైలాపూరు అనగానే తల అడ్డంగా ఊపుతారు. ట్రిప్లికేన్ మాన్షన్లలో చవగ్గా గదులు దొరుకుతాయి గానీ అవి ఒంటరి మగపిల్లలకు సరిపోయేవి, ఆడవాళ్ళతో వెళ్ళే కుటుంబానికి కాదు.

ఏడో రోజు పొద్దున రథం. నేను చూసింది ఒక మలుపు దగ్గర నిలబడి. అంత పెద్ద రథాన్ని తాడు పట్టి లాగేది వందల మందే అయినా, దాన్ని తిప్పేదీ ఆపేదీ చక్రాల పక్కన వంగి నడిచే కొద్దిమంది. వాళ్ళ చేతుల్లో ఏటవాలుగా చెక్కిన కొయ్య దిమ్మెలు ఉంటాయి. తమిళంలో ముట్టుక్కట్టై అంటారు. కదులుతున్న చక్రం కిందకి దాన్ని తోస్తారు. చక్రం దిమ్మె ఎక్కబోయి, ఎక్కలేక, పక్కకు ఒరిగి దారి మార్చుకుంటుంది. కొయ్య కిర్రుమని నలిగిన చప్పుడు నా అరికాళ్ళకు తెలిసింది. దిమ్మె పెట్టిన మనిషి క్షణం ఆలస్యం చేసినా చెయ్యి పోతుంది. యాభై ఏళ్ళు దాటిన ఒకాయన ఆ పని చేస్తుంటే నేను స్వామిని మర్చిపోయి ఆయన చేతులనే చూస్తూ ఉండిపోయాను. రథం కదిలాక ఆయన నుదుటి చెమట తుడుచుకుని, ఆ దిమ్మెను కళ్ళకద్దుకుని ముందుకు పరిగెత్తాడు.

ఆ సాయంత్రం ఖాళీ దొరికితే రైల్లోనే తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్) వెళ్ళి గుడిలో పార్థసారథి దర్శనం చేసుకున్నాం. మూలవిరాట్టు వేంకటకృష్ణుడు, కోరమీసంతో ఉంటాడు. ఉత్సవమూర్తి పార్థసారథి ముఖం మీద భీష్ముడి బాణాల గుర్తులు ఉంటాయని చెప్తారు. మైలాపూరులో జనం ఉన్న రోజుల్లో ఇక్కడ ప్రశాంతంగా దర్శనం అవుతుంది. చక్కెర పొంగలి ప్రసాదం తప్పకుండా తీసుకోండి.

ఎనిమిదో రోజు పొద్దున జరిగేదాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నన్నడిగితే ఈ ఉత్సవానికి ప్రాణం అదే. శివనేశర్ అనే మైలాపూరు వర్తకుడు తన కూతురు పూంపావైని శివుడి మీద పాటలు కట్టిన తిరుజ్ఞానసంబంధర్‌కు ఇచ్చి పెళ్ళి చేయాలనుకున్నాడు. ఆ పిల్ల పాము కరిచి చనిపోయింది. అయినా అతను ఆమె ఎముకలనూ బూడిదనూ ఒక కుండలో దాచి, సంబంధర్ వచ్చేదాకా ఎదురుచూశాడు. సంబంధర్ వచ్చి ఆ కుండ ముందు నిలబడి పద్యాలు పాడాడు. మైలాపూరులో ఏడాది పొడుగునా జరిగే పండుగలను ఒక్కో పద్యంలో ఒక్కొక్కటి చెప్తూ, 'అవి చూడకుండానే పోతావా పూంపావై' అని అడుగుతాడు. కార్తీక దీపాలు, తైపూసం, మాసి నెల సముద్రస్నానం, అలాగే పంగుణి ఉత్తరం. పన్నెండేళ్ళ పిల్లగా పూంపావై కుండలోంచి లేచి వచ్చింది. ప్రాణం పోశాను గనక నాకు కూతురే అని పెళ్ళికి ఒప్పుకోలేదు సంబంధర్. ఆయన 7వ శతాబ్దపు వాడు. అంటే ఇప్పుడు మనం వెళ్ళి చూస్తున్న పంగుణి ఉత్సవం అప్పటికే పాటలోకి ఎక్కేంత పేరున్నది. పాత గుడి సముద్రం ఒడ్డున ఉండేదని, 16వ శతాబ్దంలో పోర్చుగీసుల కాలంలో పోయిందని, ఇప్పటి గుడి తర్వాత కట్టిందని అంటారు. గుడి చోటు మారినా పండుగ మాత్రం ఇప్పటికీ జరుగుతోంది.

ఆ ఘట్టాన్ని ఎనిమిదో రోజు పొద్దున పుష్కరిణి దగ్గర చేస్తారు. మేం త్వరగానే వెళ్ళాం. జనం పలచగా ఉన్నారు, కూర్చోవడానికి మెట్ల మీద చోటు దొరికింది. తేవారం, అంటే సంబంధర్ లాంటివాళ్ళు కట్టిన శివుడి పాటలు, పాడేవాళ్ళను ఓదువార్ అంటారు. ఒక పెద్దాయన మైకు ముందు కళ్ళు మూసుకుని పాడుతుంటే పిన్ని పక్కన కూర్చుని అర్థం చెప్పింది. ముప్పై ఏళ్ళుగా చెన్నైలో ఉంటోంది, తమిళం నీళ్ళు తాగినట్టు చదువుతుంది. "ఇది చూడకుండానే పోతావా అంటున్నాడక్కా" అన్నదగ్గర అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళకు నా మాట ఇదే. అరువత్తుమూవర్ మధ్యాహ్నం చూడలేకపోయినా ఫర్వాలేదు, ఆ పొద్దున ఘట్టం మాత్రం చూపించండి.

అలాగే మూడో రోజు అధికార నంది. రెండేళ్ళ కిందట ఆఫీసు పనిమీద వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే చూశాను. తెల్లవారుజామున గోపురం తలుపు తీస్తారు, నాగస్వరంలో మల్లారి (ఊరేగింపు బాణీ) మొదలవుతుంది, వెండి నంది భుజాల మీద కపాలీశ్వరుడు బయటికి వస్తాడు. వాహనం మోసేవాళ్ళు కలిసి అడుగు వేస్తుంటే స్వామే నడిచి వస్తున్నట్టు ఉంటుంది. జనం ఉంటారు గానీ ఊపిరాడకుండా ఉండరు. ఎండ లేదు. వీలైతే మూడో రోజునే ఎంచుకోండి. అమ్మను అప్పుడు తీసుకురాలేదే అన్న బాధ నాకు ఇంకా ఉంది.

తిండి సంగతి చెప్పాలంటే, అరుండేల్ వీధి సందులో రాయర్ మెస్. చిన్న చోటు, వేచి ఉండాలి, కానీ ఆ ఇడ్లీలు, పొంగలు, గట్టి చట్నీ కోసం నిలబడినా తప్పులేదు. సాయంత్రం కర్పగాంబాళ్ మెస్‌లో అడై, అవియల్ తిన్నాం. కాళత్తి అంగట్లో రోజ్ మిల్క్ తాగినప్పుడు పిన్ని, "తమిళంలో మీ కాళహస్తినే కాళత్తి అంటారక్కా" అంటే అమ్మ బోర్డు వంక మళ్ళీ చూసింది. ఎనిమిదో రోజైతే ఏ హోటల్‌కూ వెళ్ళనక్కర్లేదు. ప్రతి ఇంటి ముందూ మజ్జిగ, పానకం, పులిహోర, పెరుగన్నం పంచుతూనే ఉంటారు. పేరు అడగరు, ఊరు అడగరు, చేతిలో గ్లాసు పెట్టేస్తారు. నన్ను బాధపెట్టింది తాగేసి ఎక్కడివక్కడ పారేసే కప్పులు. స్వామి నడిచే వీధి అది. రాత్రికి కార్పొరేషన్ మనుషులు చీపుళ్ళు పట్టుకుని గుట్టలు గుట్టలుగా ఊడ్చుకుంటూ వస్తుంటే చూడలేకపోయాను. ఒక చెంబో సీసానో వెంట తీసుకెళ్తే మనవంతు చెత్త ఉండదు.

మధ్యాహ్నం మూడింటికి ముందే ఉత్తర మాడవీధి మలుపులో ఒక అంగడి మెట్టు మీద చోటు పట్టాం. అంగడి ఆయన అమ్మ కోసం లోపలి నుంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి ఇచ్చాడు. గొలుసులు జాగ్రత్త అని పోలీసులు మైకులో చెప్తూనే ఉన్నారు. కోలవిళి అమ్మన్ లాంటి ఊరి దేవతలు కూడా వచ్చి ఈ ఊరేగింపులో కలుస్తారు. వినాయకుడు, కపాలీశ్వరుడు, అమ్మవారు కర్పగాంబాళ్, సింగారవేలర్ (మురుగన్), వాళ్ళతో అరవైముగ్గురి పల్లకీలు. ఒక్కో పల్లకీలో కొందరు, చిన్న చిన్న కంచు విగ్రహాలు. గడ్డం దాకా పూలదండలు. ఎవరు ఎవరో తెలియదు.

పిన్ని మెట్టు దిగి జనంలోకి వెళ్ళింది. ప్రతి పల్లకి దగ్గరా "ఇదుల కన్నప్పర్ ఇరుక్కారా?" (ఇందులో కన్నప్ప ఉన్నాడా?) అని అరుస్తోంది. మొదటిది కాదు. రెండోది కాదు. ఒక దాంట్లో వాయిలార్ నాయనార్ ఉన్నాడని చెప్పారు, ఆయన ఈ మైలాపూరు మనిషేనట. ఇంకొన్ని వెళ్ళిపోయాయి. అమ్మ స్టూలు మీద నుంచి లేచి నా భుజం పట్టుకుని నిలబడింది, మోకాళ్ళ మాట మర్చిపోయింది. ఇంకో పల్లకి రాగానే మోస్తున్న ఒక కుర్రాడు చేతులు ఖాళీ లేక గడ్డంతో వెనక్కి చూపించాడు. పిన్ని మావైపు తిరిగి "అక్కా, ఇదిగో!" అని కేక పెట్టింది.

చామంతుల మధ్య జానెడు ముఖం, పక్కన విల్లు కొస. అంతే కనిపించింది. అరనిమిషం కూడా లేదు. అమ్మ దణ్ణం పెట్టడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. పల్లకి మలుపు తిరిగాక, "చెప్పులు కనపడలేదే" అంది. కాలి చెప్పుతో లింగం మీది పాత పూలు నెట్టేసిన తిన్నడికి కాళ్ళకు చెప్పులు ఉండాలి కదా మరి.

తొమ్మిదో రోజు పొద్దున్నే మళ్ళీ గుడికి వెళ్ళాం. తూర్పున ఏడంతస్తుల గోపురం ఉన్నా, ఇక్కడ స్వామి పడమటి ముఖంగా పుష్కరిణి వైపు చూస్తుంటాడు. ముందురోజు జనం ఇళ్ళకు వెళ్ళిపోయినట్టున్నారు, క్యూ పది నిమిషాలే పట్టింది. మామూలుగా పొద్దున ఐదింటి నుంచి మధ్యాహ్నం దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగింటి నుంచి గుడి తెరిచి ఉంటుంది. కపాలీశ్వరుణ్ణి, కర్పగాంబాళ్‌ను చూసుకున్నాక పొన్నచెట్టు దగ్గరికి వెళ్ళాం. అమ్మవారు ఆడనెమలిగా వచ్చి స్వామిని కొలిచింది ఆ చెట్టు కిందే అంటారు, ఈ చోటికి మయిలై అన్న పేరు కూడా అలా వచ్చిందే.

తర్వాత నాయనార్లు వరసగా నిలబడి ఉన్నచోట పిన్ని ఒక్కొక్కరి పేరూ చదువుకుంటూ నడిచి ఒకచోట ఆగింది. పాదాల దగ్గర పూలు పేరుకుని ఉన్నాయి, చెప్పులు ఈసారీ కనిపించలేదు. అమ్మ ఏమీ అనలేదు. బయట గుమ్మం దగ్గర కొన్న మల్లెల మూరను పళ్ళతో తెంపి రెండు ముక్కలు చేసింది. ఒకటి కొప్పులో పెట్టుకుంది. రెండోది అటుగా వచ్చిన అర్చకుడి చేతికిచ్చి, తమిళం రాదు గనక తెలుగులోనే చెప్పింది: "మా ఊరాయన అయ్యా. ఈయనకి పెట్టు."

ఆయన పెట్టాడు.