కరెంటు పెట్టేటప్పుడు ఏ నానో మేలు? బంగారమా, హాఫ్నియమా, గాడోలినియమా

మా హన్మకొండ దిక్కు క్యాన్సర్‌కు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకునేటోళ్ల ఇండ్లల్ల ఈ మధ్య నానో (రేడియేషన్ దెబ్బ పెంచేతందుకు గడ్డలకు పంపే అతి చిన్న లోహపు కణాలు) ముచ్చట బాగ నడుస్తున్నది, అందరు బంగారం నానో గురించే అడుగుతున్నరు.

మూడూ పనిచేసే తీరు ఒక్కటే. బరువైన లోహం గడ్డల ఉంటే ఎక్స్ కిరణాలు అక్కడ ఎక్కువ ఆగి ఎలక్ట్రాన్లు చిమ్ముతయి, దెబ్బ గడ్డకే ఎక్కువ తగుల్తది, పైగా అది స్కాన్‌ల కనబడ్తది కాబట్టి ఎక్కడ చేరిందో చూసుకొని కిరణాలు పెట్టొచ్చు.

బంగారం పేరే పెద్దది. 2004ల అచ్చైన ఎలుకల ప్రయోగంల ఒట్టి రేడియేషన్‌తోని ఏడాదికి 20 శాతం బతికితే, బంగారం కలిపినంక 86 శాతం బతికినయి. కానీ ఎక్కించింది కిలో బరువుకు 2.7 గ్రాముల దాకా, గదే లెక్క 60 కిలోల మనిషికి కడితే 162 గ్రాములు, అంటే 16 తులాలు! అదీగాక వాళ్లు వాడింది 250 కేవీ (కిలోవోల్టుల) మిషను, ఇప్పటి లీనాక్‌లు, అంటే ఆస్పత్రులల్ల రేడియేషన్ పెట్టే మిషన్లు, 6 ఎంవీ (60 లక్షల వోల్టులు), అంత శక్తిల ఏ లోహం లాభమైనా బాగ తగ్గుతది.

మనుషుల మీద గట్టి రుజువున్నది హాఫ్నియం ఆక్సైడ్‌కే. ఫ్రాన్స్ కంపెనీ నానోబయోటిక్స్‌ది, సూదితోని నేరుగ గడ్డలకే ఒక్కసారి ఇస్తరు, తర్వాత 25 సార్లు రేడియేషన్, ఆపైన ఆపరేషన్. చేతులు, కాళ్లు, ఒంటి సార్కోమా (కండ, కొవ్వు లాంటి మెత్తటి భాగాలల్ల వచ్చే క్యాన్సర్) ఉన్న 180 మందిని రెండు జట్లు చేసి చూస్తే, తీసిన గడ్డల బతికున్న కణాలు 5 శాతం కూడా మిగలనోళ్లు ఇటు 16 శాతం, ఒట్టి రేడియేషన్ దిక్కు 8 శాతం. 2019ల యూరప్ అనుమతి కూడా వచ్చింది. సూది అందని గడ్డకు మాత్రం కష్టమే.

గాడోలినియందీ ఫ్రాన్సే, పేరు అగూయిక్స్. ఎంఆర్ఐకి ముందు నరానికి ఎక్కించే మందుల ఉండే లోహమే ఇది. కణం 5 నానోమీటర్ల లోపే, కిడ్నీల నుంచి పోతది, కాబట్టి కిడ్నీ టెస్టులు బాగుండాలె. ఫ్రాన్స్‌ల గ్రెనోబుల్ అనే ఊర్ల క్యాన్సర్ మెదడుకు పాకిన 15 మందికి నరం ద్వారా ఇస్తే మెదడుల గడ్డలల్లకు చేరినట్టు ఎంఆర్ఐల సాఫ్ కనబడ్డది. కానీ అది మొదటి దశ, పోల్చే జట్టు లేదు.

నన్నడిగితే కాలు చేతుల గడ్డకు హాఫ్నియం, మెదడుకు గాడోలినియం, చూసి పెట్టుడు అనే లెక్కల అయితే గాడోలినియందే పైచేయి, బంగారం ఇప్పటికి వద్దు. మన దగ్గర ఇవేవీ ఇంక రోజువారీ ట్రీట్‌మెంట్ కాదు, కాబట్టి ఎవరన్నా బంగారం నానో ఇస్తమంటే సీటీఆర్ఐ (మన దేశంల మందుల ప్రయోగాలు నమోదు చేసే సర్కారు రిజిస్టర్) ట్రయల్ నంబర్ అడగండి అన్నా, అది చూపెట్టకపోతే పైసలు కట్టకండి, దీనికోసమని నడుస్తున్న రేడియేషన్ ఒక్కరోజు కూడా ఆపకండి.