ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్లు కొనేవాళ్లూ, పేరు చూసి నమ్మకండి, నేను నమ్మి మునిగా

ఎవరి గురించో నేను చెప్పక్కర్లేదు, ఈ మధ్య ఎక్కడ చూసినా ఆ ‘ప్రో ఎక్స్‌పోర్ట్ ప్యాక్’ యాడే కదా. పేరు రాయను. కోపం ఇంకా చల్లారలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌కి ముప్ఫై ప్రీసెట్లు, అంటే ఫొటోల్ని ఏ సైజులో, ఏ క్వాలిటీలో బయటికి తీయాలో ముందే నింపి పెట్టిన సెట్టింగులు. నాకు కావాల్సింది ఒక్కటే, ‘ఆల్బమ్ ప్రింట్ 300 డీపీఐ ఫుల్ క్వాలిటీ’ అని ఉన్నది (డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలని). దాని పక్కన టిక్కు పెట్టాను, 412 ఫొటోలు ఎక్స్‌పోర్ట్ కొట్టాను, అలా లేచి ముఖం కడుక్కుని వచ్చేసరికి సగం పైన అయిపోయాయి. అబ్బ, ప్రీసెట్ అంటే ఇదిరా అని మురిసిపోయాను కూడా. ఆల్బమ్ ప్రింట్ చేసే ల్యాబ్‌కి అప్‌లోడ్ కూడా నిమిషాల్లో అయిపోయింది. ఎప్పుడూ గంటలు పట్టే పని ఇవాళ ఇంత తొందరగా ఎలా అయిందని నా బుర్రకి ఒక్కసారైనా తట్టొద్దూ? ఫైల్ సైజు చూస్తే అక్కడే దొరికిపోయేది. ఒక్కోటీ ఆరేడు వందల కేబీ. 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసినవి!

నిన్న ఆల్బమ్ వచ్చింది. 12 బై 18 అంగుళాల పేజీ నిండా ఒక పెద్దావిడ ముఖం, ఆ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఫొటో. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనపడాల్సినచోట బొగ్గుతో రుద్దినట్టు ఒకటే మరక, నుదుటి మీద జుట్టు చుట్టూ సన్నటి గళ్లు. క్లయింట్ ఏమీ అనలేదు. ఆ పేజీ దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు. తిట్టినా బాగుండేది. ల్యాబ్ వాళ్లు ఒక్క మాట చెప్పుండొచ్చు అనుకున్నాను గానీ, మనం పంపిందే వాళ్లు వేస్తారు.

ఇంటికొచ్చి ఆ ప్రీసెట్ పేరు మీద క్లిక్ చేసి కుడివైపు చూస్తే లాంగ్ ఎడ్జ్ (ఫొటో పొడవాటి వైపు) 2048 పిక్సెల్స్, క్వాలిటీ 60. రిజల్యూషన్ గడిలో మాత్రం శుభ్రంగా 300. ఆ 300 వట్టి చీటీ అండీ, దాంతో పిక్సెల్స్ పెరగవు. 18 అంగుళాలకి 300 చొప్పున 5400 పిక్సెల్స్ కావాలి, నా ఫొటోల్లో 6000 ఉన్నాయి, ప్యాక్ అమ్మినాయన ప్రీసెట్ 2048కి కోసేసింది. అంటే అంగుళానికి 114 కూడా లేవు. ఫోన్‌లో పెట్టుకునే సైజుకి ‘ఆల్బమ్ ప్రింట్’ అని పేరు పెట్టి అమ్మాడు మహానుభావుడు.

సరే, పొరపాటేమో అని మెసేజ్ పెట్టాను. డబ్బు కట్టేదాకా ‘సర్’, కట్టాక ‘బ్రో’ అయింది, ఇప్పుడు ఏకంగా ‘నువ్వు’. “300 అని రాశాను, 300 ఉంది. నీకు సాఫ్ట్‌వేర్ రాకపోతే నేనేం చెయ్యను?” అని ఒకటి, “డిజిటల్ ఐటమ్‌కి రిఫండ్ ఉండదు” అని ఇంకొకటి, చివర్లో నవ్వే బొమ్మ ఒకటి. ఆ నవ్వే బొమ్మ దగ్గరే నాకు మండింది. స్క్రీన్‌షాట్ పెడితే బ్లాక్ చేశాడు. ప్యాక్ ఖరీదు పోతే పోయింది, ఆల్బమ్ రీప్రింట్ మొత్తం నా జేబులోంచే.

నిజం చెప్పాలంటే కొనాల్సిన వస్తువే కాదిది. ఎక్స్‌పోర్ట్ డైలాగ్ బాక్స్‌లో నాలుగు గడులు నింపి కింద ‘యాడ్’ నొక్కితే మన ప్రీసెట్ మనకే తయారవుతుంది. ఇన్నేళ్లు ఆ పని చేసుకున్నవాణ్ణే, ఏదో రహస్యం ఉంటుందని ఎగబడ్డాను.

ఇప్పటికే కొనేసినవాళ్లుంటే టిక్కు పెట్టకండి, టిక్కు పెడితే సెట్టింగులు మార్చనివ్వదు. పేరు మీద నొక్కండి, ఇమేజ్ సైజింగ్‌లో ‘రీసైజ్ టు ఫిట్’ తీసేయండి, క్వాలిటీ పెంచండి, పేరు మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ కొట్టండి. ఆ ప్యాక్‌లోనే ‘వెబ్ వివిడ్’ అని ఇంకోటుంది, దాని కలర్ స్పేస్ (ఫొటో రంగుల పరిధి) ప్రోఫొటో పెట్టాడు, చాలాచోట్ల ముఖాలు పాలిపోయి కనపడతాయి, దాన్ని వెబ్‌కి మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ చేసుకోండి. ఒక్క ఫొటో ఎక్స్‌పోర్ట్ చేసి సైజు చూశాకే మిగతావి.

నేనైతే ఇప్పుడు ఆ 412 మళ్లీ పెట్టి కూర్చున్నా. 140 దగ్గర ఉంది, నెమ్మదిగా పోతోంది.