చేతి జనరేటర్ పాఠం: కొన్న పరికరమా, విద్యార్థులు చుట్టిన తీగచుట్టా – ఏది మేలు?

చేతితో తిప్పే జనరేటర్‌ను తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయుడికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, పిడి తిప్పగానే బల్బు వెలిగేలా పారదర్శకమైన తొడుగులో గేర్లు, చిన్న మోటారు అమర్చి అమ్మే పరికరం. రెండోది, అట్టపెట్టె చుట్టూ కరెంటును అడ్డుకునే ఎనామిల్ పూత ఉన్న సన్నని రాగి తీగను కొన్ని వందల చుట్లు చుట్టి, లోపలి ఇరుసుకు అయస్కాంతాలు బిగించి విద్యార్థులే తయారుచేసుకునేది.

కొన్న పరికరం మొరాయించదు. పీరియడ్ వృథా కాదు. అయితే తొడుగు పారదర్శకమే అయినా అందులో కనిపించేవి గేర్లు మాత్రమే, అసలు పని చేసే తీగచుట్టలూ అయస్కాంతాలూ మోటారు లోహపు డబ్బాలో దాగి ఉంటాయి. గేర్ల రాపిడి వల్లే కరెంటు పుడుతోందనుకునే విద్యార్థికి ఆ అభిప్రాయం మార్చుకునే ఆధారం అక్కడ దొరకదు.

విద్యార్థులు చుట్టినదానిలో ఆ ఆధారం కళ్లెదుటే ఉంటుంది. తీగచుట్టను గాల్వనోమీటర్‌కు (స్వల్ప కరెంటును, దాని దిశను ముల్లుతో చూపే పరికరానికి) కలిపి, అయస్కాంతాన్ని లోపలికి తోస్తే ముల్లు ఒక పక్కకు కదులుతుంది, బయటికి లాగితే రెండో పక్కకు కదులుతుంది, లోపలే కదపకుండా ఉంచితే సున్నా దగ్గరే ఆగిపోతుంది. 1831లో ఫారడే గుర్తించినది ఇదే: అయస్కాంతం ఉండటం చాలదు, తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం, అంటే అందులోంచి వెళ్లే అయస్కాంత బలరేఖల మొత్తం, మారుతూ ఉండాలి. మరుసటి ఏడాది ఫ్రెంచ్ పరికరాల తయారీదారు పిక్సీ నిర్మించిన చేతి జనరేటర్‌లోనూ తిరిగింది అయస్కాంతమే, తీగచుట్టలు కదల్లేదు. అట్టపెట్టెలోని అమరికా అంతే. ఒక దిశలో కరెంటు పారితేనే వెలిగే చిన్న దీపాలైన ఎల్‌ఈడీలను రెండింటిని ఎదురెదురు దిశల్లో కలిపి ఇరుసును తిప్పితే అవి ఒకదాని తరువాత ఒకటి వెలుగుతాయి కనుక, ఏకాంతర విద్యుత్తు (పదేపదే దిశ మార్చుకునే కరెంటు) అనే మాటకు అర్థం కంటికే తెలుస్తుంది. ఎల్‌ఈడీలు వెలగకపోవడానికీ కారణాలున్నాయి. తీగ కొనల వద్ద ఎనామిల్‌ను గరుకు కాగితంతో పూర్తిగా గీకకపోవడం తరచుగా జరిగే పొరపాటు. చుట్లు తక్కువైనా, అయస్కాంతం బలహీనమైనా, ఎర్ర ఎల్‌ఈడీకి కావలసిన సుమారు 2 వోల్టులు అందవు.

కంప్యూటర్ తెర మీద నమూనా బలరేఖలను చక్కగా చూపిస్తుంది గాని తిప్పేటప్పుడు చేతికి తగిలే బరువును తెలియనివ్వదు, కనుక దాన్ని మూడో స్థానంలోనే ఉంచుతాను.

ఆ బరువు విషయంలో మాత్రం కొన్న పరికరానిదే పైచేయి. అట్టపెట్టె జనరేటర్‌లో కరెంటు చాలా స్వల్పం కాబట్టి బల్బు కలిపినా తీసినా చేతికి తేడా తెలియదు, కొన్నదానిలో స్పష్టంగా తెలుస్తుంది. పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుందన్న లెంజ్ నియమం అక్కడ అనుభవమవుతుంది.

ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నేను తీగచుట్టనే ఎంచుకుంటాను, ఎందుకంటే కరెంటు ఎలా పుడుతుందన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. రెండూ ఉంటే తీగచుట్టే ముందు రావాలి. పెద్ద బల్బు వెలగడం చూసిన తరువాత చిన్న ఎల్‌ఈడీ మిణుకును ఎవరూ శ్రద్ధగా గమనించరు. తరువాత కొన్న పరికరాన్ని ఒక విద్యార్థి చేతికిచ్చి, కళ్లు మూసుకుని ఒకే వేగంతో తిప్పమని, పక్కనున్నవారిని బల్బు తీగను కలుపుతూ తీస్తూ ఉండమని చెప్పాలి. బల్బు ఎప్పుడు వెలిగిందో చూడకుండానే ఆ విద్యార్థి చెప్పగలుగుతాడు.