ఏసీ బాగానే ఉంది, బయట డబ్బా పెట్టిన చోటే బాగాలేదు

తిత్లీ తుఫాను వెళ్లాక వచ్చిన వేసవిలో, అంటే 2019లో, శ్రీకాకుళంలో మా పడకగదికి ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ కొన్నాం. ఇప్పటికీ అదే నడుస్తోంది. కంపెనీ పేరు చెప్పను, ఈ గొడవ ఏ కంపెనీ దానికైనా ఒకటే.

రిమోట్ మీద అంకెలు వెలిసిపోయాయి, చప్పుడు పెద్దగా లేదు. అసలు కథంతా బయట డబ్బాది, అంటే ఔట్‌డోర్ యూనిట్‌ది. బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు పైపు కలిసొస్తుందని మా గోడకీ పక్కింటి గోడకీ మధ్య సందులో పెట్టేసి వెళ్లారు. ఏసీ చల్లదనాన్ని పుట్టించదండీ, గదిలో వేడిని గ్యాస్‌తో మోయించి బయట పారబోస్తుంది, అంతే. టన్ను అంటే బరువూ కాదు. కరెంటు యూనిట్ల లెక్కలో చెప్తే, ఒక టన్ను ఏసీ గంటకి మూడున్నర యూనిట్ల వేడిని లాగుతుంది. మాది ఫుల్‌గా నడిస్తే ఐదు పైచిలుకు. దానికోసం తిన్న యూనిట్నర కరెంటు కూడా చివరికి వేడే అవుతుంది కాబట్టి, మొత్తం ఆరున్నర పైచిలుకు ఆ ఇరుకు సందులోకి. ఆ గాలి ఎదుటి గోడకి కొట్టుకుని మళ్లీ డబ్బా వెనక, వేడి వదిలే పైపుల చుట్ట అయిన కాయిల్‌లోకే దూరేది. చుట్టూ గాలి వేడెక్కేకొద్దీ కంప్రెసర్ గ్యాస్‌ని ఇంకా గట్టిగా నొక్కాలి, మీటరు ఇంకా తిరగాలి. మే మధ్యాహ్నం గది చల్లబడేది కాదు, పక్కింటి పిన్నిగారు కిటికీ తెరవలేకపోయేవారు. ఒక మెకానిక్ వచ్చి గ్యాస్ ప్రెషర్ చూసే మీటరు కూడా పెట్టకుండానే గ్యాస్ తగ్గిందన్నాడు!

చివరికి ఇంకొకాయన చేత డబ్బాని డాబా మీద మెట్లగది నీడలోకి మార్పించాం, వెనక జానెడు ఎడం, ముందంతా ఖాళీ. పైపుకీ గ్యాస్‌కీ ఖర్చయింది గానీ గది తొందరగా చల్లబడుతోంది, బిల్లూ దిగింది.

మన వైపు ఉక్కపోత సంగతి వేరే చెప్పాలి. గాలిలో తేమని ఒక్క లీటరు నీరుగా మార్చాలంటేనే దాదాపు 0.7 యూనిట్ వేడి లాగాలి, మా డ్రెయిన్ పైపు కింద బకెట్ పెడితే రాత్రికి బాగానే నిండుతుంది. కూలర్ చాలదా అంటారా, అది నీటిని ఆవిరి చేస్తేనే చల్లబరుస్తుంది, ఇక్కడి గాలికి ఇంకా నీళ్లు పట్టే చోటేదీ?

ఇక ఉప్పుగాలి. బయట కాయిల్ మీది సన్నటి అల్యూమినియం రేకులు అంచుల్లో తెల్లగా పొడిలా రాలుతున్నాయి. ఏటా వేసవికి ముందు మెయిన్ కట్టేసి మంచినీళ్లతో కడుగుతున్నా. కాయిల్ మార్చమంటే చెప్పిన ధర విని, ఇంకో వేసవి చూద్దామని ఆగాను.