జూనియర్ యూరోవిజన్‌కు ఎవర్ని పంపాలి: టీవీ పోటీ పెట్టడం మేలా, ఛానెల్ నేరుగా ఎంచుకోవడం మేలా?

జూనియర్ యూరోవిజన్ అంటే ప్రధానంగా యూరప్ దేశాల పిల్లల మధ్య ఏటా ఏడాది చివర్లో జరిగే పాటల పోటీ. దానికి పిల్లల్ని పంపే దేశాల ముందు రెండు దార్లున్నాయి. టీవీలో పోటీ పెట్టి గెలిచిన వాళ్లని పంపడం ఒకటి. ఛానెల్ వాళ్లే పిల్లనో పిల్లాడినో, పాటనో ఎంచుకుని ప్రకటించడం రెండోది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే పోలాండ్ కథ చాలు. వరసగా రెండేళ్లు చెరో దారిలో వెళ్లి, రెండుసార్లూ గెలిచింది.

అంతకు ముందు దాని రికార్డు ఏమంత గొప్పది కాదు. 2003లో జరిగిన మొట్టమొదటి పోటీలో ఆఖరి స్థానం. 2004 తర్వాత పదకొండేళ్లు అటు తొంగిచూడలేదు. 2016లో తిరిగొచ్చి టీవీ పోటీ పెట్టి పంపితే 11వ స్థానం, 2017లో అదే పద్ధతిలో 8వ స్థానం దక్కాయి. 2018లో పోలాండ్ ప్రభుత్వ ఛానెల్ టీవీపీ పోటీ ఊసెత్తకుండా రొక్సానా వెంగెల్‌ని ఎంచుకుంది. ఆ అమ్మాయి మిన్స్క్‌లో 215 పాయింట్లతో గెలిచింది. మరుసటి ఏడాది 'షాన్సా నా సుక్సెస్' అనే టీవీ పాటల పోటీ ద్వారా వికీ గాబోర్ ఎంపికై, సొంతగడ్డ గ్లివిత్సెలో 278 పాయింట్లు తెచ్చింది. వరసగా రెండుసార్లు గెలిచిన తొలి దేశం, ఆతిథ్యమిస్తూ గెలిచిన తొలి దేశం కూడా పోలాండే.

అలాగని ఏ దారైనా ఒకటే అనుకోకూడదు. రొక్సానా అదే ఏడాది టీవీపీలోనే వచ్చిన పిల్లల పాటల పోటీ 'ది వాయిస్ కిడ్స్' విజేత. అంటే నేరుగా ఎంచుకున్నారన్న మాటేగానీ, జనం అప్పటికే ఆమెను వారాల తరబడి చూసి మెచ్చుకున్నారు. స్పెయిన్ 2019లో చేసిందీ అదే: అదే పోటీ స్పెయిన్ రూపం 'లా వోజ్ కిడ్స్' గెలిచిన మెలానీ గార్సియాని పంపి మూడో స్థానం తెచ్చుకుంది.

జనానికి ముందే తెలిసుండటం ఎందుకంత ముఖ్యమంటే, 2017 నుంచి సగం పాయింట్లు ఆన్‌లైన్ ఓట్లవి. సొంత దేశానికీ ఓటు వేయొచ్చు. కాకపోతే కనీసం మూడు పాటల్ని ఎంచుకోవాలి. సొంత దేశంలో అభిమానులున్న పిల్లకి ఇది కలిసొస్తుంది. ఊరూ పేరూ తెలియని పిల్లని పోటీకి నెల ముందు ప్రకటిస్తే ఈ లాభం చేజారినట్టే. టీవీ పోటీకి అసలు బలం ఇదే.

బలహీనత పాట దగ్గరుంది. ఇలాంటి కార్యక్రమాల్లో పిల్లలు ఎక్కువగా పాత హిట్లే పాడతారు. మన 'పాడుతా తీయగా'లో సినిమా పాటలు పాడినట్టే. అక్కడ గొంతు తేలుతుంది, కొత్త పాట తేలదు. జూనియర్ యూరోవిజన్‌కు కావలసింది రెండున్నర నుంచి మూడు నిమిషాల కొత్త పాట. అందులో ఎక్కువ భాగం దేశ భాషలోనే ఉండాలి. వేదిక మీద ఆరుగురికి మించకూడదు, ముఖ్య గాత్రం ప్రత్యక్షంగా పాడాలి. ఫైనల్ సెప్టెంబరులో పెట్టుకుంటే బాణీ, సాహిత్యం, రికార్డింగ్, వీడియో, నృత్యం అన్నీ కొద్ది వారాల్లో కానిచ్చేయాలి. అప్పుడు గెలిచిన గొంతుకి సరిపడని పాట అంటగడతారు. ఎక్కువసార్లు దెబ్బతినేది ఇక్కడే.

నేరుగా ఎంచుకుంటే పాట, గొంతు కలిసి పెరుగుతాయి. ఫ్రాన్స్ దీన్నే నమ్ముకుని 2020, 2022, 2023లో గెలిచింది. బ్రిటన్‌లో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేల్స్ ఛానెల్ ఎస్‌ఫోర్‌సీ టీవీ పోటీలు పెట్టి 2018లో ఆఖరి స్థానంలో, 2019లో ఆఖరి నుంచి రెండో స్థానంలో నిలిచింది. బీబీసీ లోపలే ఎంచుకుని 2022లో ఐదో స్థానం, 2023లో నాలుగో స్థానం తెచ్చింది. ఎస్‌ఫోర్‌సీ పాడించింది వెల్ష్‌లో, బీబీసీ పాడించింది ఇంగ్లీషులో. ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి మరి. పైగా వేల్స్‌కీ, ఐరిష్‌లో పాడించే ఐర్లాండ్ ఛానెల్ టీజీఫోర్‌కీ స్థానం ఒక్కటే లక్ష్యం కాదు. పిల్లల చేత తమ భాషలో పాడించే కార్యక్రమం కొన్ని వారాలు తెర మీద ఉండటం వాటికి కావాలి. అలాంటి ఛానెల్‌కి టీవీ పోటీయే సరి.

గెలుపే లెక్కయితే మా ఓటు నేరుగా ఎంచుకోవడానికే, ఒక షరతు మీద: ఆ ఏడాది టీవీలో జనం చూసిన పిల్లల్లోంచే తీసుకోవాలి. టీవీ పోటీ తప్పదంటే ఫైనల్ జూన్ దాటనివ్వకండి. ఫైనల్‌కొచ్చిన ప్రతి ఒక్కరి చేతా పాత హిట్‌తో పాటు ఒక కొత్త పాట కూడా పాడించి, ఓట్లు దాని మీదే అడగండి.

ఏ దారిలో ఎంచుకున్నా గొంతు మారే వయసుని మరవకూడదు. పాల్గొనే వయసు 9 నుంచి 14. పన్నెండు దాటిన మగపిల్లాడు మేలో అందుకున్న పై స్వరం నవంబరుకి అందకపోవచ్చు. అందుకే వెనక వినిపించే వాద్యాల ట్రాక్‌ అసలు శ్రుతిలో ఒకటి, దానికి రెండు స్వరస్థానాలు కింద ఇంకొకటి సిద్ధం చేసుకుని, ట్రాక్ పంపే వారంలో పాడించి చూసి ఏదో ఒకటి ఖాయం చేయాలి. తర్వాత మార్చుకోవడం కష్టం.